మాడ్రిడ్–సెవిల్ దారిలో ఒక్క రోజు కోర్డోబా: మీ ప్రశ్నలు, మా జవాబులు

దక్షిణ స్పెయిన్‌కి వెళ్లే కుటుంబాలు మధ్యలో కోర్డోబాలో ఒక పూటో ఒక రోజో ఆగాలనుకోవడం మామూలే. ఈ ఊరి గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మేం ఐదుగురం. మేమిద్దరం, పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప, మా అత్తగారు. మాడ్రిడ్‌లో మూడు రోజులుండి సెవిల్ వెళ్తున్నాం. పొద్దున్నే బయల్దేరి కోర్డోబాలో దిగి, ఊరు చూసుకుని, రాత్రికి సెవిల్ చేరాలని అనుకుంటున్నాం. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కి ఒకే టికెట్ తీసుకుని మధ్యలో దిగొచ్చా? అసలు ఒక రోజు చాలుతుందా?

జవాబు: టికెట్ సంగతి ముందు చూద్దాం. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. స్పెయిన్ హైస్పీడ్ రైళ్లలో ప్రతి టికెట్టూ ఒక రైలుకీ ఒక సీటుకీ కట్టుబడి ఉంటుంది. బ్రేక్ జర్నీ అనేది లేదు. మాడ్రిడ్–సెవిల్ టికెట్‌తో కోర్డోబాలో దిగిపోతే మిగిలిన దూరానికి ఆ టికెట్ మరో రైల్లో చెల్లదు. కాబట్టి మాడ్రిడ్–కోర్డోబా ఒకటి, కోర్డోబా–సెవిల్ ఒకటి, విడివిడిగా రెండు టికెట్లు తీసుకోవాలి.

మొదటి రైలు సుమారు గంటా ముప్పావు ప్రయాణం. స్పెయిన్ ప్రభుత్వ రైల్వే సంస్థ రెన్ఫే వారి ఆవే, ఆవ్లో రైళ్లు, వాటితో పోటీగా ఇర్యో, విగో రైళ్లు ఈ దారిలో తిరుగుతాయి. వీటి ధరలు విమానం టికెట్ల లాగే రోజురోజుకీ మారతాయి. తేదీ ఖాయమైతే మాడ్రిడ్–కోర్డోబా టికెట్ వెంటనే కొనేయండి. మాడ్రిడ్‌లో అటోచా, చమార్తిన్ అని రెండు పెద్ద స్టేషన్లున్నాయి. మీ టికెట్ మీద ఏ పేరుందో ముందు రోజు రాత్రే చూసుకోండి. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లే ముందు సామాన్లకు ఎక్స్‌రే తనిఖీ ఉంటుంది, రైలు కదలడానికి రెండు నిమిషాల ముందే గేటు మూసేస్తారు. పెద్దావిడ, పిల్లలు వెంట ఉన్నారు కాబట్టి అరగంట ముందు స్టేషన్లో ఉండండి.

రెండో ప్రయాణం ముప్పావుగంటే. దీనికి ఆవాంత్ అనే రైళ్లు కూడా ఉన్నాయి. వేగం దాదాపు అంతే, ధర మాత్రం ఎప్పుడు కొన్నా ఒకటే. సాయంత్రం ఎన్నింటికి తేలతారో ముందుగా చెప్పలేని కుటుంబానికి ఆవాంత్ చాలా మేలు. శుక్ర, ఆదివారాల సాయంత్రాల్లో మాత్రం సీట్లు నిండిపోతాయి. ఆ రోజుల్లో వెళ్తుంటే ఇదీ ముందే కొనుక్కోండి.

ఒక రోజు చాలుతుందా అంటే, మెస్కీతాను, అంటే ఇప్పుడు కేథడ్రల్‌గా ఉన్న పాత మసీదును నింపాదిగా చూసి, పాత ఊళ్లో నడిచి, వంతెన దాకా వెళ్లి రావడానికి బాగా చాలుతుంది. ఊళ్లో ఉన్నవన్నీ చూడాలంటే చాలదు. పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా చేతిలో ఉంటే సంతృప్తిగా బయల్దేరతారు. ఐదు గంటలకన్నా తక్కువ ఉంటే మెస్కీతా ఒక్కటే పెట్టుకోండి.

ప్రశ్న: మాకు నాలుగు పెద్ద సూట్‌కేసులున్నాయి. వాటిని ఏం చేయాలి?

జవాబు: రెండు చోట్ల చిక్కొస్తుంది. మొదటిది రైల్లో. రెన్ఫే ఆవే రైళ్లలో మనిషికి మూడు సంచుల దాకా, అన్నీ కలిపి 25 కిలోలు తీసుకెళ్లొచ్చు. చవక రైళ్లయిన ఆవ్లో, విగోల్లో మామూలు టికెట్‌కి ఒక చిన్న క్యాబిన్ సూట్‌కేసు, ఒక చేతిసంచి మాత్రమే ఉచితం. పెద్ద పెట్టెకి టికెట్ కొనేటప్పుడే అదనంగా కట్టాలి. స్టేషన్‌కి వచ్చాక కడితే ఎక్కువ పడుతుంది. నాలుగు పెట్టెలకి అదనం కట్టాక చవక టికెట్ చవక కాకుండా పోతుంది. కొనేముందు ఆ లెక్క వేసుకోండి.

రెండోది ఊళ్లో. పెద్ద సామాన్లతో మెస్కీతాలోకి రానివ్వరు, లోపల దాచిపెట్టే గదీ లేదు. పెట్టెలు దింపాకే ఊళ్లోకి కదలాలి. స్పానిష్‌లో సామాన్లు దాచే చోటును 'కొన్సిగ్నా' అంటారు. రైల్వే స్టేషన్, దానికి ఎదురుగానే ఉన్న బస్ స్టేషన్ దగ్గర ఆ బోర్డు కోసం చూడండి. పాత ఊళ్లో మెస్కీతా పరిసరాల్లో ప్రైవేటు లగేజీ గదులు కూడా ఉన్నాయి, వాటిని ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు. మా సలహా స్టేషన్ దగ్గరే దింపేయమని. పాత ఊళ్లో పెట్టెలను గులకరాళ్ల వీధుల మీద ఈడ్చాలి, సాయంత్రం మళ్లీ అదే దారిన స్టేషన్ దాకా మోసుకురావాలి. లాకర్లు తక్కువగా ఉంటాయి, వారాంతాల్లో తొందరగా నిండిపోతాయి. నాలుగు పెట్టెలకు చోటు ముందే ఖాయం చేసుకుని బయల్దేరండి. పెట్టడం ఎంత ముఖ్యమో తీయడమూ అంతే. ఆ గది ఎన్నింటికి మూస్తారో గోడ మీద ఉన్న సమయాలను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: రోజును ఎలా సర్దుకోవాలి? ఏది ముందు, ఏది తర్వాత?

జవాబు: ముందు ఏ వారమో చూడండి. సోమవారం అల్కాజర్ కోట, పాత యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్, వియానా ప్యాలెస్ మూడూ మూసి ఉంటాయి. మెస్కీతా సోమవారం తెరిచే ఉంటుంది. ఆదివారం మెస్కీతాతోనే చిక్కు. అది ఇప్పటికీ పూజలు జరిగే కేథడ్రల్ కాబట్టి ఆదివారాలు ఉదయం కొంతసేపు తెరిచి, 11:30కి సందర్శకులను బయటికి పంపి, మళ్లీ మధ్యాహ్నం 3కి తెరుస్తారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఏ రోజైనా మంచిదే.

సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 8:30 నుంచి 9:30 దాకా మెస్కీతాకు ఉచిత ప్రవేశం ఉంటుందని వినే ఉంటారు. నిజమే, ఆ గంటలో లోపల ఉండే నిశ్శబ్దం మళ్లీ రోజంతా దొరకదు. కానీ మాడ్రిడ్‌లో పొద్దున్నే రైలెక్కి, పెట్టెలు లాకర్లో పడేసి, 8:30కి గుమ్మం ముందు నిలబడటం పిల్లలున్న ఇంటికి సాధ్యం కాదు. ఆలస్యంగా 9 గంటలకు చేరితే పది నిమిషాలు చూశారో లేదో ఖాళీ చేయిస్తారు. ముందు రోజు రాత్రి ఊళ్లో బస చేసేవాళ్లకే ఆ గంట పనికొస్తుంది. మీరు అధికారిక వెబ్‌సైట్లో 10 లేదా 10:30 టికెట్ తీసుకోండి. పెద్దవాళ్లకు మనిషికి 15 యూరోల లెక్కన పక్కన పెట్టుకోండి. పదేళ్లలోపు పిల్లలకు డబ్బు కట్టక్కర్లేదు, మీ బాబుకు రాయితీ టికెట్ వస్తుంది. పిల్లల వయసు చూపించడానికి పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి.

స్టేషన్ నుంచి నడక ఇరవై అయిదు నిమిషాలు. పాసియో దె లా విక్టోరియా పార్కు చెట్ల నీడన నేరుగా వెళ్లి, ఎడమ పక్క కోటగోడలో అల్మోదోవార్ ద్వారం కనబడగానే లోపలికి తిరగండి. అక్కడి నుంచే పాత యూదుల పేట మొదలు. కుడి చేతి సందులో 1315 నాటి సినగాగ్ ఉంది. స్పెయిన్‌లో మధ్యయుగాల నుంచి బాగా నిలిచిన కొద్ది సినగాగ్‌లలో ఇదొకటి, మరో రెండు తొలేదోలో ఉన్నాయి. ఒకటే చిన్న గది, గోడల మీద హీబ్రూ అక్షరాల సున్నపు చెక్కుడు పని. పది నిమిషాలు చాలు. దాని పక్కనే ఈ ఊళ్లో పుట్టిన తత్వవేత్త, వైద్యుడు మైమోనిడెస్ విగ్రహం ఉంటుంది. అక్కడి నుంచి మెస్కీతాకు నడక ఐదు నిమిషాలు. అత్తగారు నడవలేకపోతే టాక్సీ పది యూరోల లోపే. అయితే మామూలు టాక్సీలో నలుగురే పడతారు. ఐదుగురికి పెద్ద బండి కావాలని ముందే అడగాలి.

మెస్కీతాకు కనీసం రెండు గంటలివ్వండి. తర్వాత నది వైపు దిగి రోమన్ వంతెన మీద అవతలి ఒడ్డు దాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి. ఫొటోకు అదే చోటు. వంతెన పునాది రోమన్ల నాటిదే అయినా పైన కనిపించే రాయిలో చాలా భాగం తర్వాతి మరమ్మతులది. 2 గంటలకు భోజనం. ఆ తర్వాత ఓపికుంటే అల్కాజర్ తోటలు. 1328లో మొదలైన ఈ కోటలోనే 1486లో కొలంబస్ ఇసబెల్ రాణినీ ఫెర్డినాండ్ రాజునూ కలిసి తన సముద్రయానం ప్రతిపాదన పెట్టాడు. పిల్లలకు ఈ సంగతి చెప్పి తీసుకెళ్లండి. లోపలి గదులకన్నా నీటి తొట్లు, నారింజ చెట్లు ఉన్న తోటలే బాగుంటాయి. ఓపిక లేకపోతే వదిలేయండి, వెలితేమీ ఉండదు. అలసిన పిల్లలను లాక్కుంటూ మూడో కట్టడం చూపించడం కన్నా ఏదో ఒక చావడిలో కూర్చుని ఐస్‌క్రీం తినిపించడం నయం.

పూలకుండీల సందు 'కల్యేహా దె లాస్ ఫ్లోరెస్' కోసం ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్లొద్దు. సందు చివర నిలబడితే రెండు తెల్లగోడల నడుమ మెస్కీతా గంటల గోపురం సరిగ్గా ఇరుక్కుని కనబడుతుంది, దాని గొప్పంతా అదే. మెస్కీతాకు ఉత్తరం వైపు రెండు నిమిషాల దూరం. ఫొటో కోసం వరసలో నిలబడే జనాన్ని చూసి మీరే నిర్ణయించుకోండి.

ప్రశ్న: మెస్కీతా లోపల అన్నీ ఒకేలా ఉన్న స్తంభాలే అంటున్నారు. పిల్లలకు విసుగు రాకుండా ఏం చూపించాలి?

జవాబు: ఒకేలా ఉన్నాయనిపించేది మొదటి ఐదు నిమిషాలే. ఆ తర్వాత ఏ రెండూ ఒకలా లేవని తెలుస్తుంది. పిల్లలకు అదే ఆటగా పెట్టండి.

ఈ మసీదును అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టాడు. రెండు వందల ఏళ్లలో మూడుసార్లు పెంచారు. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక ఇది కేథడ్రల్ అయింది. 856 స్తంభాలున్నాయి. మీరు లోపలికి అడుగుపెట్టేది అన్నిటికన్నా పాత భాగంలో. అక్కడి స్తంభాలు పాత రోమన్ల కట్టడాల నుంచీ, వాళ్ల తర్వాత ఇక్కడ ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచీ ఏరి తెచ్చినవి. అందుకే ఒకటి గులాబీ రంగు, ఒకటి బూడిద రంగు, ఒకటి నున్నగా, ఒకటి మెలిపెట్టిన గాడులతో ఉంటుంది. ఒక్కోదాని ఎత్తూ ఒక్కోలా ఉంటే పైకప్పు సమంగా ఎలా నిలిచింది? స్తంభాల అడుగులు చూడమనండి. పొట్టివాటి కింద దిమ్మ పెట్టారు, పొడుగువాటిని నేలలో దించారు. తలల మీద చెక్కిన ఆకులూ వేర్వేరుగానే ఉంటాయి.

ఇప్పుడు పైకి చూడండి. కమాను మీద కమాను. దొరికిన స్తంభాలు పొట్టివి. ఇంత పెద్ద హాలుకు కప్పు అంత కిందికి ఉంటే ఊపిరాడదు, చీకటిగా ఉంటుంది. అందుకని స్తంభం మీద మరో రాతి దిమ్మను నిలబెట్టి, కప్పు బరువును పై కమానుకిచ్చారు. కింది కమాను కప్పును మోయడానికి కాదు, స్తంభాలు పక్కకు ఒరిగిపోకుండా పట్టుకోవడానికి. అందుకే రెండు కమానుల మధ్య ఖాళీ వదిలేశారు. ఎర్రనివి ఇటుకలు, తెల్లనివి రాళ్లు. ఒకటి విడిచి ఒకటి పేర్చారు. పన్నెండేళ్ల పిల్లవాడు ఈ సంగతి ఇట్టే పట్టుకుంటాడు.

అక్కడి నుంచి ఎడమకు, అంటే తూర్పు వైపుకు నడవండి. ఖలీఫా పేరిట రాజ్యాన్ని నడిపిన మంత్రి అల్ మన్సూర్ 987 తర్వాత చేర్చిన ఎనిమిది వరసలు అవి. కమాను దగ్గరికెళ్లి నింపాదిగా చూస్తే అక్కడ ఇటుక లేదని తెలుస్తుంది. అంతా రాయే, దాని మీద ఎర్ర రంగు పూశారు. రంగు రాలిన చోట కింది రాయి కనబడుతుంది. పెంచాల్సి వచ్చినప్పుడు దక్షిణాన నది అడ్డు, పడమట రాజభవనం అడ్డు. కాబట్టి తూర్పుకే జరిగారు. దాంతో మసీదుకు నడిమధ్యన ఉండాల్సిన మిహ్రాబ్, అంటే నమాజు దిక్కును చూపే గూడు, ఒక పక్కకు వచ్చేసింది. ఈ భాగంలో జనం తక్కువగా ఉంటారు. కాసేపు కూర్చోవాలన్నా ఇక్కడే బాగుంటుంది.

మిహ్రాబ్ దగ్గర ఎప్పుడూ గుంపు ఉంటుంది. ఖలీఫా రెండో అల్ హకమ్ 960లలో చేయించిన ఈ గూడు చుట్టూ బంగారు మొజాయిక్ పని ఉంది. దానికి కావలసిన గాజు, బంగారు పలుకులు బైజాంటైన్ చక్రవర్తి పంపించాడు, వాటిని అతికే పనివాడూ అక్కడి నుంచే వచ్చాడు. ఇనుప కటకటాల వల్ల దగ్గరికి వెళ్లలేరు. నేరుగా ఎదురుగా నిలబడే చోటు కోసం తోసుకోకుండా కొంచెం పక్కకు జరిగి, ఒకటి రెండు అడుగులు అటూ ఇటూ కదలండి. చదునుగా కనిపించిన బంగారం పలుకు పలుకునా వేర్వేరుగా మెరుస్తుంది. తర్వాత తల పైకెత్తి ముందున్న గుమ్మటం చూడండి. ఎనిమిది పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ నక్షత్రం అల్లుతాయి. లోపల ఒక చోట, స్తంభాల మీద మేస్త్రీలు చెక్కుకున్న పేర్లు, గుర్తుల నమూనాలు పెట్టి ఉంటాయి. పాపకు అవి చూపించి, అలాంటివే అసలు స్తంభాల మీద వెతకమనండి.

1523లో ఈ స్తంభాల అడవి మధ్యలోంచి కొన్నిటిని తీసేసి పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. ఊరి కౌన్సిల్ వద్దన్నా ఆగలేదు. కొందరికి అది గుండెలో గుచ్చుకుంటుంది, కొందరికి ఆ చర్చే నచ్చుతుంది. మా మాటగా చెప్పాలంటే, స్తంభాల మధ్య ఒంగిన నీడలోంచి ఉన్నట్టుండి ఆ తెల్లటి ఎత్తులోకి అడుగుపెట్టినప్పుడు కలిగే ఉలికిపాటు మరే కట్టడంలోనూ ఉండదు. అందుకే దాన్ని చివరికి ఉంచుకోండి. మహాగని చెక్కతో చేసిన పాటకుల కుర్చీల మీది చెక్కడాలకు పది నిమిషాలివ్వండి.

గంటల గోపురం 54 మీటర్లు. పాత మినారును లోపల పెట్టుకుని చుట్టూ కట్టారు. దానికి వేరే టికెట్, వేరే సమయం. లిఫ్ట్ లేదు, మరీ చిన్న పిల్లలను పైకి పంపరు. గోపురం కింది నారింజ చెట్ల ఆవరణలోకి ప్రవేశం ఉచితం. ఆ నారింజలు కోసి తినాలనుకోవద్దు, నోట్లో పెట్టుకోలేనంత చేదు.

ప్రశ్న: మేం ముస్లింలం. లోపల నమాజు చేసుకోవచ్చా?

జవాబు: లేదు. ఇది కేథడ్రల్ కాబట్టి ఇక్కడ క్రైస్తవ ఆరాధనకే అనుమతి. మిహ్రాబ్ ముందు నమాజుకు నిలబడితే కాపలావాళ్లు వెంటనే ఆపుతారు. నమాజు వేళను లోపల గడిపే సమయంతో కలవకుండా చూసుకోండి. టోపీ విషయంలో కూడా గుర్తుంచుకోండి, లోపల మగవాళ్లను టోపీలు తీయమంటారు. మిహ్రాబ్ మక్కా ఉన్న ఆగ్నేయానికి కాక దక్షిణానికి తిరిగి ఉండటం మీరు గమనిస్తారు. దీనికి కారణమేమిటన్నది చరిత్రకారులు ఇంకా చర్చించుకుంటున్న విషయం.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, చెల్లెలికి ఏడాది పాప. చక్రాల కుర్చీ, పాప బండి ఈ ఊళ్లో నడుస్తాయా?

జవాబు: మెస్కీతాలో నడుస్తాయి. నేల చదును, మెట్లు అరుదు. బయటి వీధులే ఇబ్బంది. పాత పేటలో చాలా సందులకు నది గులకరాళ్లను నిలువుగా పాతి పరిచారు. చూడ్డానికి అందం, చిన్న చక్రాలకు నరకం. నాలుగు చిన్న చక్రాలున్న మడత బండి రాళ్ల మధ్య ఇరుక్కుని ముందుకు తూలుతుంది. పాపను ఒంటికి కట్టుకునే సంచిలో మోయడం మేలు. చక్రాల కుర్చీ అయితే సందుల మధ్యలో వెళ్లకుండా అంచుల్లో చదును రాతిపలకల వరస ఉందేమో చూసి దాని మీద నడపండి. అమ్మగారిని టాక్సీలో మెస్కీతా నది వైపు దించండి. అక్కడి నుంచి ఆవరణ గుమ్మానికీ, వంతెనకూ దారి చదునే. వంతెన పైన కూడా రాతిపలకలే, గులకరాళ్లు లేవు. నీడ మాత్రం లేదు.

రైలెక్కడానికి దిగడానికి సాయం కావాలంటే స్టేషన్లలో అసెర్కా అనే ఉచిత సేవ ఉంది. టికెట్ కొనేటప్పుడే అడగండి. మీ ప్రయాణంలో రెండు రైళ్లున్నాయి కాబట్టి రెండింటికీ విడివిడిగా నమోదు చేయాలి. ఒకదానికే చేసి రెండోది మర్చిపోవడం తరచూ జరిగే పొరపాటు.

ప్రశ్న: మాలో ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. మిగతావాళ్లు గొడ్డుమాంసం, పందిమాంసం తినరు. కోర్డోబాలో ఏం దొరుకుతుంది?

జవాబు: దొరుకుతుంది, కానీ ప్రతి వంటకం గురించీ అడిగి తీసుకోవాలి. ఊరి పేరు మోసిన వంటకం సాల్మొరేహో. టమోటా, బ్రెడ్డు, పచ్చి వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి చిక్కని జావ. కొలత కూడా ఊళ్లో ప్రసిద్ధమే: కిలో టమోటాలకు 200 గ్రాముల బ్రెడ్డు, 100 గ్రాముల నూనె, ఒక వెల్లుల్లి రెబ్బ, 10 గ్రాముల ఉప్పు. వండేటప్పుడు అది పూర్తి శాకాహారం. వడ్డించేటప్పుడు పైన ఉడికిన గుడ్డు, ఎండబెట్టిన పందిమాంసం ముక్కలు చల్లుతారు. ఆర్డరిచ్చేటప్పుడే 'సిన్ హమోన్, సిన్ వెవో' అనండి. హమోన్ (ఆ ఎండు పందిమాంసం) వద్దు, గుడ్డు వద్దు అని. వచ్చాక ఏరి పక్కన పెట్టుకోవాల్సిన పని ఉండదు.

రెండోది బెరెన్‌హేనాస్ కోన్ మియెల్. వంకాయను పల్చగా తరిగి పిండిలో దొర్లించి వేయించి, మీద నల్లటి చెరకు పాకం ధారగా పోస్తారు. పిల్లలు ఇష్టంగా తింటారు. పాకం పడ్డాక పదినిమిషాల్లో మెత్తబడిపోతుంది, వేడిగా ఉన్నప్పుడే ముగించండి. పిండిలో గుడ్డు కలిపారా, చేపలు వేయించిన నూనెలోనే వేయించారా అని అడగండి. చాలా చోట్ల నూనె ఒకటే.

ఇక జాగ్రత్తలు. 'కార్నె' అంటే నిఘంటువులో మాంసం. కానీ మామూలు మాటల్లో హమోన్‌నీ ట్యూనా చేపనీ ఆ లెక్కలో వేయనివాళ్లున్నారు. 'మాంసం లేకుండా' అని అడిగిన సలాడ్ మీద ట్యూనా వస్తుంది. అందుకే ఒక్క మాటతో సరిపెట్టకుండా 'నో కోమో కార్నె, ని పెస్కాదో, ని హమోన్, ని వెవో' అని నాలుగూ చెప్పండి. పిస్తో అనే కూరగాయల కూర మీద తరచు వేయించిన గుడ్డు పెడతారు. తోర్తియా దె పతాతాస్ పేరులో బంగాళదుంపే ఉన్నా అది గుడ్డుతో చేసే అట్టు. ఫ్లమెంకీన్ పందిమాంసం, రాబో దె తోరో ఎద్దు తోక కూర. మీవాళ్లు ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకుంటే చాలు. పస్తెల్ కోర్దొబేస్ అనే గుమ్మడి తీపి నింపిన పొరల రొట్టె చూడగానే నోరూరుతుంది. సంప్రదాయంగా ఆ పొరలు పందికొవ్వుతో వస్తాయి, కొన్నిట్లో హమోన్ కూడా ఉంటుంది.

వంటగది మధ్యాహ్నం 1:30 నుంచి 4 దాకానే నడుస్తుంది. 4:30కి వెళ్తే కాఫీ, చల్లటి తినుబండారాలే దొరకొచ్చు. రాత్రి భోజనం 8:30కి ముందు మొదలవదు, అప్పటికి మీరు రైల్లో ఉంటారు. కాబట్టి మధ్యాహ్నం గట్టిగా తినండి. ఒక్కొక్కరికి ఒక్కో రకం కావాలంటే పాసియో దె లా విక్టోరియా మీద మెర్కాదో విక్టోరియా అనే కప్పున్న సంత ఉంది. చాలా కొట్లు, ఉమ్మడి బల్లలు. స్టేషన్ దారిలోనే కాబట్టి చివరి తిండి అక్కడ పెట్టుకోవచ్చు. మంచినీళ్లకు 'ఆగ్వా దెల్ గ్రిఫో' అని అడగండి. 2022 నాటి చట్టం ప్రకారం హోటళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి.

ప్రశ్న: మాకు సెలవులు జూలైలోనే. ఎండలకు భయపడాలా?

జవాబు: భయపడాలి. యూరప్‌లో బాగా మండే ఊళ్లలో ఇదొకటి. 2021 ఆగస్టులో ఇక్కడి విమానాశ్రయంలో 46.9 డిగ్రీలు నమోదైంది. జూలై మధ్యాహ్నాలు 37, 38 అంటే మామూలు రోజు. 'మనకు ఎండలు కొత్తా' అనుకోవడంలోనే మోసం ఉంది. ఇక్కడిది పొడి ఎండ. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది, ఒంట్లో నీరు పోతున్నట్టు తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అరలీటరు చొప్పున తాగించండి.

జూలైలో పైన చెప్పిన వరస తిరగేయండి. అల్కాజర్ వేసవిలో పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికే మూసేస్తుంది. కాబట్టి దిగగానే తోటలు, వంతెన, సందులు. మెస్కీతా టికెట్ 12 గంటల తర్వాతకు తీసుకోండి. ఆ వేళకు గుంపులెక్కువే, కానీ మందపాటి గోడల నీడలో ఎండ ముదిరే రెండు గంటలు గడిచిపోతాయి. 2:30కి ఏసీ ఉన్న హోటల్లో భోజనం. తర్వాత ఇంకేమీ పెట్టుకోవద్దు. సూర్యాస్తమయం వంతెన మీంచి చూడాలని ఉంటుంది. జూలైలో సూర్యుడు దిగేది రాత్రి 9:30 దాటాక. అంతసేపు పిల్లలతో బయట గడపలేరు. 5, 6 గంటల రైలుకు వెళ్లిపోండి.

ప్రశ్న: మదీనా అజహారా కూడా అదే రోజు చూడొచ్చా?

జవాబు: వద్దు. 936లో మూడో అబ్ద్ అల్ రహ్మాన్ మొదలుపెట్టిన రాజధాని శిథిలాలు అవి. ఊరికి పడమరగా 8 కిలోమీటర్లు. దూరం తక్కువే, కానీ ముందు మ్యూజియం, అక్కడి నుంచి శిథిలాల దాకా వేరే షటిల్ బస్సు, తిరుగు బస్సు కోసం ఎదురుచూపు. మొత్తం నాలుగు గంటలు పోతాయి. దాని కోసం మెస్కీతాను గంటలో ముగించుకోవడం సరైన బేరం కాదు. పురావస్తు శాస్త్రం మీద మక్కువ ఉంటే ఊళ్లో ఒక రాత్రి ఉండి రెండో రోజు పొద్దున వెళ్లండి. అదీ సోమవారం కాకుండా.

ప్రశ్న: పూలకుండీలతో నిండిన ఇళ్ల ముంగిళ్ల ఫొటోలు చూశాం. మే నెలలో తప్ప చూడలేమా?

జవాబు: చూడొచ్చు. ఆ లోపలి వాకిళ్లను పాతియో అంటారు. 1921 నుంచి వీటికి పోటీ జరుగుతోంది, 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మే మొదటి పక్షంలో దాదాపు రెండు వారాలు ఇళ్లవాళ్లు తమ పాతియోలను ఉచితంగా చూడనిస్తారు. అప్పుడు పూలు పూర్తిగా విరబూసి ఉంటాయి, కానీ ఒక్కో గుమ్మం ముందు పొడుగాటి వరస, హోటళ్ల ధరలు రెట్టింపు, రైళ్లలో చోటుండదు. ఒక రోజు మజిలీకి అంత మంచి సమయం కాదు.

మిగతా నెలల్లో రెండు దారులు. ఒకటి అల్కాజర్ వెనకనున్న సాన్ బసీలియో పేట. అక్కడ కొన్ని ఇళ్లు ఏడాదంతా తెరిచి ఉంటాయి, మెస్కీతా నుంచి పది నిమిషాల నడక. రెండోది వియానా ప్యాలెస్. ఒకే ఇంట్లో పన్నెండు పాతియోలు. కాస్త దూరం, ఊరికి ఉత్తరాన. ఒక్క రోజే ఉంటే సాన్ బసీలియోనే సరి.

లోపలికెళ్లాక గోడలను చూడండి. తెల్ల సున్నం మీద నీలం కుండీలు రెండంతస్తుల ఎత్తు దాకా వేలాడుతుంటాయి. అంత పైకి నీళ్లెలా పోస్తారని పిల్లలు అడుగుతారు. ఒక మూలన ఆనించి ఉన్న పొడవాటి వెదురు గడ చూపించండి. దాని కొసన ఒక డబ్బా కట్టి ఉంటుంది. నడుమనున్న బావిలోనో తొట్లోనో డబ్బా ముంచి, గడ నిలబెట్టి, పైకుండీ అంచుకు ఆనించి మెల్లగా వంచుతారు. వేసవిలో ఒక్కో కుండీకీ రోజూ ఇలాగే పోయాలి. వందల కుండీలున్న ఇంట్లో అది గంటల పని. గుమ్మం దగ్గర చిన్న గిన్నె పెట్టి ఉంటే అందులో ఒకటి రెండు యూరోలు వేయండి.